ఒడ్డు ఎటువైపు

అక్టోబర్ 2

బయల్దేరాం. డీజిల్ ఫుల్ ట్యాంక్. గ్యాస్ సిలిండర్, బ్రెడ్, గుడ్లు, అగ్గిపెట్టెలు. మిగతా సరుకులు దారిలో.

వ్యాన్ ఇంకా బేకరీ వాసన వేస్తోంది. ఇదివరకు రొట్టెలు మోసిన బండి. నా మోటార్ రిపేరు షాపు మూసేశాక ఏడాది పాటు దీన్నే పట్టుకుని కూర్చున్నాను. మంచం, సింకు, స్టవ్, పైన చిన్న కిటికీ అన్నీ నేనే బిగించాను. ఒక్క వెనక తలుపు తప్ప ఎక్కడా చప్పుడు లేదు.

మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని కాళ్ళు డ్యాష్‌బోర్డు మీద పెట్టేసింది. బట్టల షాపు కౌంటర్ వెనక నిలబడి నిలబడి వాచిపోయిన కాళ్ళు. పోయిన నెలలోనే తనూ పని మానేసింది. ఎప్పుడూ ఇలా కూర్చోగా చూడలేదు. దించమని చెబుదామనుకుని ఊరుకున్నాను.

అక్టోబర్ 3

మొదటి బీచ్. సీజన్ అయిపోయింది. ఐస్‌క్రీమ్ బడ్డీకి షట్టర్ దించేశారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసు వేశారు. రోడ్డు పక్క చెట్ల ఆకులు ఎండి, ఇసుక మీదకి కొట్టుకొచ్చి పడుతున్నాయి. ఇలా ఖాళీగా ఉన్నప్పుడే చూడాలంది మా ఆవిడ. ఈ ప్రయాణం తన ఆలోచన. ఒడ్డు వెంబడే పోతూ, బాగున్న చోటల్లా ఆగుతూ, చలి ముదిరేలోపు తిరిగి ఇంటికి.

క్యాంప్‌సైట్ రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి, మీ మిసెస్ పేరేంటండీ అంది. నేను వెనక్కి తిరిగి మా ఆవిడతో, చెప్పు అన్నాను. ఆ పిల్ల మమ్మల్నిద్దర్నీ అదోలా చూసింది. బయటికొచ్చాక మా ఆవిడకి ఒకటే నవ్వు. మీరు నన్ను లేపుకొచ్చారనుకుని ఉంటుంది, ఈ వయసులో నాకా యోగం కూడానా అంది.

పెళ్ళయినప్పట్నుంచీ ఇదిగో అనే పిలుస్తాను. తను ఏమండీ అంటుంది. మా ఇళ్ళల్లో అందరూ అంతే. మాది చిన్న ఇల్లు. ఇదిగో అంటే ఏ గదిలో ఉన్నా పలికేది. అంతకన్నా అవసరం రాలేదు.

అక్టోబర్ 4

మా ఆవిడ సముద్రంలో ఈదింది.

అక్టోబర్ 5

నిన్న అంతకు మించి రాయడానికి చెయ్యి ఆడలేదు.

పోయినేడు మోకాళ్ళ నొప్పులకి డాక్టర్ నీళ్ళలో ఎక్సర్‌సైజు చేయమన్నాడు. వారానికి ఇన్నిసార్లని స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళేది. గట్టు పట్టుకుని నడుస్తోంది కాబోలు అనుకున్నాను. ఈత నేర్చుకుంటున్నానని తను చెప్పలేదు. నేనూ అడగలేదు. నిన్న వ్యాన్‌లోంచి స్విమ్‌సూట్ మీద టవల్ చుట్టుకుని దిగింది. తలకి పసుపు రంగు క్యాప్. టవల్ నా చేతికిచ్చి, ఎవరింట్లోకో వెళ్తున్నట్టు నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది. ముందు నడుము, తర్వాత భుజాలు, తర్వాత పసుపు క్యాప్ ఒక్కటే.

నాకు ఈత రాదు. మోటార్లు, పంపులు, వైరింగు, వడ్రంగం, ఆఖరికి చదవడం కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విప్పి చూసి నేర్చుకున్నాను. ఈతని విప్పి చూడటం కుదరదు.

బయటికొచ్చి, నీళ్ళలో నాకు కాళ్ళున్నట్టే తెలీదండీ అంది. అంత సంతోషంగా ఆ మొహం చూసి చాలా కాలమైంది. జలుబు చేస్తుంది, తల తుడుచుకో అన్నాను.

ఖర్చు: పాలు, ఉల్లిపాయలు, పార్కింగ్.

అక్టోబర్ 6

మా అమ్మాయి ఫోన్ చేసింది. మా ఆవిడ స్పీకర్‌లో పెట్టింది. నాన్నా, అమ్మ ఈదుతుంటే మీరేం చేస్తుంటారు అంది. టవల్ పట్టుకుంటాను అన్నాను. కూతురూ తల్లీ ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అమ్మ దూరం వెళ్ళిపోతే ఎలా పిలుస్తారు, ఇదిగో అంటే చేపలన్నీ తిరిగి చూస్తాయి, అసలు మా అమ్మ పేరు మీకు తెలుసా అని అడిగింది. రేషన్ కార్డు చూసి చెబుతాను అన్నాను. అమ్మాయి పుట్టిన తర్వాత నేను వేసిన జోకు ఇదొక్కటేనని మా ఆవిడ అంది.

అల్లుడికి, మనవరాలికి జలుబు తగ్గిందట.

అక్టోబర్ 8

రెండో బీచ్, మూడో బీచ్. మూడోది బాగుంది. అటూ ఇటూ నల్లటి బండరాళ్ళు, మధ్యలో ఇసుక. వ్యాన్ ఇసుక దాకా రాదు. కుడివైపు రాళ్ళ వెనక పార్కింగ్, అక్కడి నుంచి కాలిబాట.

నీళ్ళలోంచి చూస్తే ఒడ్డంతా ఒకేలా ఉంటుందట. ఎక్కడ దిగానో తెలీడం లేదంది. మధ్యాహ్నం కూర్చుని కర్టెన్ రాడ్‌కి నా నారింజ రంగు రెయిన్‌కోటు తొడిగి, సరిగ్గా తను దిగే చోట ఇసుకలో పాతాను. దూరం నుంచి బాగానే కనిపించిందట. అచ్చం మీలాగే ఉంది, చేతులు వేలాడేసుకుని, నోరు మెదపకుండా అంది.

అక్టోబర్ 9

గాలి. ఈత లేదు. కొవ్వొత్తులు కొన్నాను. హాయిగా నిద్రపోయాను.

అక్టోబర్ 11

మాటా మాటా వచ్చింది. మాట అంటే తనదే.

రోజురోజుకీ దూరం వెళ్తోంది. అలలకి అవతల నీళ్ళు నిలకడగా ఉంటాయట. నాకు కనబడేది పసుపు చుక్క. అది అల చాటుకి వెళ్ళి మళ్ళీ పైకొచ్చేదాకా నా గుండె నా దగ్గరుండదు. ఇవాళ పొద్దున నీళ్ళు మరీ చల్లబడ్డాయి, ఇక ఇంటికి వెళ్దాం, వెనక తలుపు కూడా సరిచేసుకోవాలి అన్నాను.

గిన్నె కడుగుతున్నదల్లా ఆపింది. మీకు భయమైతే భయమని చెప్పండి, పాపం ఆ తలుపేం చేసింది అంది. తలుపు కొట్టుకుంటోంది అన్నాను. అప్పుడు మొదలుపెట్టింది. మీరు స్క్రూడ్రైవర్ కింద పెట్టిన చప్పుడు బట్టి కోపమో ఆకలో తెలుసుకుంటూ కాపురం చేశాను. రోజంతా షాపులో వచ్చేపోయే వాళ్ళతో వాగి ఇంటికొస్తే, ఇక్కడా నేనే వాగాలి. నాకు మాత్రం విసుగు రాదా? నీళ్ళలో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అందుకే బాగుంటుంది. ఇలా అంది. అరవలేదు. మామూలుగానే అంది. అదే ఎక్కువ తగిలింది.

భయంగానే ఉంది. ఇక్కడ రాయడం తేలికే.

అక్టోబర్ 13, మధ్యాహ్నం

పొద్దున ఎండ బాగా కాసింది. అదే బీచ్. తను నీళ్ళలోకి దిగింది. నేను రెయిన్‌కోటు పాతి, కింద కూర్చున్నాను. ఒడ్డు మీద ఇంకో ఇద్దరే ఉన్నారు. చేపల ఎర కోసం పారతో తడి ఇసుక తవ్వుతున్న పెద్దాయన, కుక్కని తిప్పుతున్న ఒకావిడ.

సముద్రం మీద తెల్లగా ఒక చార కనిపించింది. దూరంగా వాన పడుతోంది అనుకున్నాను. టవల్ మడత పెట్టి తలెత్తేసరికి చార లేదు, సముద్రమూ లేదు. పొగమంచు. చల్లగా మొహానికి తగిలింది. కొంచెం సేపటికి నా పక్కనున్న నారింజ కోటే మసకబారింది. తను ఉన్న చోటు నుంచి అది కనబడే ప్రశ్నే లేదు.

ఇదిగో అన్నాను. మళ్ళీ అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. పెద్దాయన పార పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఎవరైనా నీళ్ళలో ఉన్నారా అన్నాడు. తలూపాను. ఆయన హోయ్ హోయ్ అని కేకలు మొదలుపెట్టాడు. అటు చివర నుంచి కుక్క గలావిడ కూడా హలో హలో అని అరిచింది. కుక్క మొరుగుతోంది. అటు రాళ్ళూ ఇటు రాళ్ళూ ప్రతి కేకనీ తిప్పి కొడుతున్నాయి. ఏది ఎటు నుంచి వస్తోందో ఒడ్డున నిలబడ్డ నాకే తెలీలేదు.

బండి ఉందా, హారన్ కొట్టు అన్నాడు పెద్దాయన. తాళం తీసుకుని పరిగెత్తాను. కాలిబాట దాకా వెళ్ళి ఆగిపోయాను. వ్యాన్ రాళ్ళ వెనక ఉంది. హారన్ వినిపిస్తే తను అటే వస్తుంది. నేరుగా బండరాళ్ళ మీదకి.

వెనక్కి వచ్చేశాను. షాపులో మోటార్ పాడైందని తెస్తే ముందు రేడియో ఆపించేవాడిని. ఫ్యాను ఆపేవాడిని. వచ్చినవాళ్ళని మాట్లాడొద్దనేవాడిని. అప్పుడుగానీ లోపల ఏది అరుస్తోందో వినపడదు. పెద్దాయన చెయ్యి పట్టుకుని, మీరంతా ఆగండి, ఆ కుక్కని పట్టుకోండి, నేనొక్కణ్ణే పిలుస్తాను అన్నాను. గట్టిగానే అన్నాను. ఆగారు.

కోటు పక్కన నిలబడి మా ఆవిడని పేరు పెట్టి పిలిచాను.

మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి పూర్తిగా వచ్చింది. ఆ పేరులో చివరి అక్షరం ఎంత దూరమైనా సాగుతుంది. పెళ్ళి శుభలేఖ మీద చూశాను, బ్యాంకు పాస్‌బుక్ మీద చూశాను, కానీ ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు. కదలకుండా ఒకే చోట నిలబడి పిలిచాను. పిలిచి, ఆగి, విని, మళ్ళీ పిలిచాను. గొంతు మంట పుట్టింది. తర్వాత గొంతు సంగతి మర్చిపోయాను. ఎంతసేపని పెద్దాయనని అడిగితే చెప్పేవాడేమో. నాకు తెలీదు.

ఎడమవైపు నీళ్ళ చప్పుడైంది. పసుపు క్యాప్ పక్కకి జారిపోయి ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి లేచి నిలబడింది. పెదాలు నీలంగా ఉన్నాయి. టవల్ చుట్టాను. రెండో టవల్ కూడా చుట్టాను.

మా స్కూల్లో హాజరు పిలుస్తున్నారేమో అనుకున్నాను అంది. పళ్ళు టకటకలాడుతూనే నవ్వింది. తర్వాత నవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

హీటర్ వేశాను. దుప్పట్లన్నీ కప్పాను. వేడినీళ్ళు తాగించాను. కాళ్ళు రుద్దాను. ఒంట్లోకి వెచ్చదనం వచ్చాక తనే చెప్పింది.

నాలుగు వైపుల నుంచీ కేకలట. ఒక్కో కేకకీ ఒక్కో వైపు తిరిగిందట. హోయ్ అంటే ఎవరైనా కావచ్చు, ఎవరి కోసమైనా కావచ్చు. చేతులు లాగేస్తుంటే వెల్లకిలా తేలి పడుకుంది. దారి తెలీనప్పుడు ఈదకూడదని పూల్ దగ్గర నేర్పినావిడ చెప్పిందట. అప్పుడు కేకలన్నీ ఆగిపోయాయట. అందరూ వెళ్ళిపోయారు, అయిపోయింది అనుకుందట. ఆ తర్వాత తన పేరు వినిపించింది. గొంతు ఎవరిదో పోల్చుకోలేకపోయింది. ఈ నీళ్ళ మీద నా పేరు తెలిసిన వాళ్ళెవరా అనుకుంటూ అటే ఈదింది.

పోల్చుకోలేకపోయావా అని అడిగాను. గొంతు పోయి గాలే వచ్చింది.

మీరు ఎప్పుడైనా పిలిస్తే కదా అంది.

అమ్మాయికి చెప్పొద్దంది. సరేనన్నాను.

ఖర్చు రాయలేదు.

అక్టోబర్ 14

తను నీళ్ళ వైపు వెళ్ళలేదు. వ్యాన్ మెట్టు మీద కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీసింది. స్విమ్‌సూట్ తాడు మీద ఉప్పు పట్టి బిరుసుగా ఆరిపోయింది. మడిచి సంచీ అడుగున పెట్టేసింది. ఇక ఇంటికి పోదాం లెండి, తలుపు బాగుచేసుకోవాలిగా అంది. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది.

నేను కోరుకున్నది ఇదే. కోరుకున్నది దొరికితే ఇలా ఉంటుందని అనుకోలేదు. లేచి సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడిగింది. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటూ. షాపు కౌంటర్ వెనక అలాగే నిలబడేది. మళ్ళీ అక్కడికే వచ్చేసినట్టుంది.

నేను ఏదో ఒకటి చెప్పాలి. గొంతు ఇంకా రాలేదని సాకు ఉంది. ఆ సాకు ముప్ఫై ఏళ్ళుగా ఉంది.

అక్టోబర్ 15

తెల్లారాక ఆకాశం చూశాను. నిర్మలంగా ఉంది. ఎర తవ్వే పెద్దాయనని అడిగితే, ఇవాళ మంచు రాదు, గాలి అటు నుంచి ఉంది అన్నాడు. అయినా పావుగంట ఆగి చూశాను.

కర్టెన్ రాడ్ తీసుకెళ్ళి కోటు పాతాను. ఈసారి ఇసుకలో కాదు. చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్ళు మోకాళ్ళకి తగిలే చోట పాతాను. చల్లగా ఉంది. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. భయమేసింది. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

తను కాలిబాట మీదకొచ్చి చూసింది. ఎవర్ని భయపెడదామని ఈ వేషం అంది. నాకే భయంగా ఉంది అన్నాను. బొంగురుగా వచ్చింది కానీ వినపడింది. నువ్వు వెళ్తే భయం, వెళ్ళకపోతే అంతకన్నా బాగాలేదు, రాళ్ళు దాటకుండా ఒడ్డు వెంబడే ఈదు, నేను ఇక్కడే ఉంటాను అన్నాను. ఇంత పొడుగు మాట నేను మాట్లాడి ఎరగను.

 తను వెనక్కి వెళ్ళి స్విమ్‌సూట్ వేసుకుని వచ్చింది. నా పక్క నుంచి వెళ్తూ నా మీద నీళ్ళు చల్లింది.

రాళ్ళు దాటలేదు. రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. అవసరం లేదు, ఊరికే. రెండుసార్లూ చెయ్యెత్తింది.

ఖర్చు: డీజిల్, బ్రెడ్, గొంతు బిళ్ళలు.

అక్టోబర్ 16

కొత్త బీచ్. తను ముందే ఈదుతోంది. నేను నడుము దాకా దిగాను. ముందు నుంచి, నీళ్ళ మీంచి, ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి ఒడ్డు వంక చూశాను. అక్కడ ఎవరూ లేరు.