పొట్టి గుర్తు

ముత్తుకూరు,
గురువారం.

షఫీక్ అన్నకు,

చేపల వేట పడవల సంఘం వెబ్‌సైటు మొదట రాసింది మీరే. అందులో పొట్టి గుర్తును అలాగే ఉంచుదామని అన్నారు. నాకు సమ్మతం కాదు. కారణం చెబుతాను.

ఆ సైటు రాసిన పీహెచ్‌పీ భాషలో 'ఇక్కడినుంచి ప్రోగ్రామ్' అని సర్వర్‌కు చెప్పే గుర్తు రెండు రకాలు: పొట్టిది, పూర్తిది. మీరు నాకు నేర్పింది పొట్టిది. సోమవారం నేను సైటును కొత్త సర్వర్‌కు మార్చాను. అక్కడ పొట్టి గుర్తు చెల్లదు, దాని తర్వాత ఉన్న ప్రోగ్రామ్ నడవదు. గాలి వేగాన్ని బట్టి 'వేటకు పోవచ్చు', 'వేటకు పోవద్దు' అనే రెండు వరుసల్లో ఒకటే చూపాల్సిన పేజీ రెండూ చూపింది. మార్చాక నేను ఆ పేజీ తెరిచి చూడలేదు.

మంగళవారం మన సంఘంలోని లాజరస్ పైనున్న 'పోవచ్చు' వరుస మాత్రమే చదివి పడవ తీశాడు. గాలికి పడవ బోల్తా పడింది. వేరే పడవవాళ్లు అతన్ని ఒడ్డుకు చేర్చారు. కుడిచెయ్యి విరిగింది.

నిన్న ఆస్పత్రిలో అతనికి ఈ గుర్తుల సంగతి వివరించాను.

"పొట్టోడో పొడుగోడో నాకెందుకు సార్," అన్నాడు. "పోవద్దు అనేది పైన రాసుంటే నేను పోయుండను గదా. కిందదాకా ఎవురు చదువుతారు?"

సర్వర్‌లో ఒక సెట్టింగు మారిస్తే చాలంటున్నారు మీరు. ఇంకోసారి సర్వర్ మార్చే మనిషికి ఆ సంగతి తెలియకపోవచ్చు. నాకూ తెలియలేదు. అన్ని ఫైళ్లలో పూర్తి గుర్తు పెట్టడానికి ఒప్పుకోండి.

ఆ రెండు వరుసల్ని మాత్రం మీ జవాబు కోసం ఆగకుండా తారుమారు చేశాను. ఇప్పుడు 'పోవద్దు' పైన ఉంది.