బడి గోడ గట్టిదేనట

తమ్ముడూ నర్సింహా,

నువ్వు పాఠాలు చెప్పిన బడి ఎప్పుడు కూలుతుందోనని బెంగపడేవాడివి కదా, అందుకే రాస్తున్నాను. నిజాం పాలన పోయింది, ఇబ్రహీంపట్నానికి సిపాయిల లారీలు రావడం ఆగింది. మొన్న పొద్దున మాత్రం భూమి కాసేపు కదిలింది. పొయ్యి మీది గిన్నె గలగలలాడేసరికి బడికి పరుగెత్తాను. పిల్లలు దక్షిణపు గోడకు వీపులు ఆనించి, చేతులు పైకెత్తి వరుసగా నిలబడి ఉన్నారు. కొత్త పంతులు ఎంత అరిచినా ఒక్కరూ కదల్లేదు.

మర్నాడు బడి నిలుస్తుందో లేదో చూడడానికి పట్నం నుంచి ఓవర్సీరు వచ్చాడు. సంగతి విని పిల్లల మీద మండిపడ్డాడు.

"భూమి కదిలితే గోడ కాడికి పోతరా? మీద పడితే సస్తరు! ఎవలు నేర్పిండ్రు మీకు?"

మల్లమ్మ బిడ్డ జవాబు చెప్పింది. "లారీలు వచ్చిననాడు నేల గిట్లనే అదిరింది సార్. సంఘపోళ్ల జాడ చెప్పుమని తుపాకులోళ్లు మమ్మల్ని గిట్లనే నిలబెట్టిండ్రు. మా పంతులును గూడ."

నువ్వు నేర్పిన ఎక్కాలు మరిచారు నీ శిష్యులు. ఇది మరవలేదు.

ఆ పంతులు ఏమయ్యాడని ఓవర్సీరు అడగలేదు. తూటాల చిల్లుల్లో వేలు పెట్టి చూసి, "గోడ మస్తు గట్టిగున్నది. చిల్లులు పూడిస్తే సాలు" అన్నాడు.

ఇవాళ నేనే మట్టి పిసికి పూడ్చాను. అన్నీ నీ ఛాతీ ఎత్తునే ఉన్నాయి, వంగే పని పడలేదు.

ఆ గోడకు పడిపోయే భయం లేదట. దాని దగ్గర పడిపోయింది నువ్వొక్కడివే.

మీ అక్క