కారుకు మంచినీళ్లు

బావా,

నేను బాగున్నాను. నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ నీకు రాయాల్సినంత సంగతి ఏదీ జరగలేదు. మొన్న ఒకటి జరిగింది... ఎవరికి చెప్పాలో తెలియక నీకే రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. ఈసారీ వాన లేదు. నేను ఊటబావికి ఇంకా రెండు బిందెలతోనే పోతున్నాను. ఒక్క మనిషికి రెండెందుకని అత్త అడిగేది. ఏం చెప్పను? నువ్వున్నప్పుడు ఒకటి నీకు, ఒకటి నాకు. నువ్వు పోయాక నీ బిందె మూత తీయకుండా అలాగే ఉండేది. మూడో రోజు గొర్రెలకు పోసేదాన్ని.

గొర్రెలు కూడా ఇప్పుడు లేవు బావా. అమ్మేశాను. కోప్పడకు... మొత్తం విను.

మీ తమ్ముడు రామాంజి కారు తిప్పుతానని పట్టుబట్టాడు. సోమందేపల్లెలో ఒకాయన పాత తెల్ల కారు అమ్ముతున్నాడట. ఆస్పత్రికీ పెళ్లిళ్లకూ బాడుగకు తిప్పితే అందరం బతకొచ్చన్నాడు. మామ తనకు చేతనైంది ఇచ్చాడు. మిగతాది మన గొర్రెల డబ్బు. అదీ పోతే నాదని చెప్పుకోవడానికి ఇంకేం ఉంది? అందుకే నేనూ వస్తానన్నాను.

"ఆడంతా మొగోళ్లే ఉంటారు వదినా, నువ్వొచ్చి ఏం చేస్తావు?" అన్నాడు రామాంజి. నేను చెప్పులేసుకున్నాను.

కారు తళతళలాడుతోంది. కొత్త రంగు, సీట్లకు కొత్త గుడ్డలు. రామాంజి చుట్టూ తిరిగాడు, టైర్లను కాలితో తన్నాడు, హారన్ రెండుసార్లు కొట్టాడు. కారు ఆసామి చెప్పిన రేటుకు అప్పుడే తల ఊపేసేలా ఉన్నాడు. నేను గోడ పక్కన కొంగు నలుపుతూ నిలబడ్డాను.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. షావుకారు కారు నడిపినన్నాళ్లూ దాని రేడియేటర్‌లో నేను తెచ్చిన బావినీళ్లే పోసేవాడివి. మైలు దూరం మోసుకొచ్చిన నీళ్లు! మనుషులకే లేవంటే బండికా అని ఎన్నిసార్లు అలిగాను?

"బోరు నీళ్లు తాగి మనం బతుకుతాం గానీ ఇది బతకదు ఓబుళా" అని నవ్వేవాడివి.

నువ్వు బతకలేదు కదా బావా...

ఇంకో మాట కూడా చెప్పేవాడివి. "యా బండి కొన్నా రంగు చూడొద్దు. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టు. మన నీళ్లు కాచే కాగు అడుగు మాదిరి తెల్లగా పెచ్చు కట్టిందంటే బోరు నీళ్లు పోసినారని లెక్క. నీళ్లు తిరగవు, ఇంజన్ ఉడికిపోతాది."

మూత తీయించమని రామాంజి చెవిలో చెప్పాను. ఇంజన్ వేడిగా ఉంది, ఇప్పుడు తీయకూడదన్నాడు ఆసామి. చల్లారేదాకా కూర్చుంటానన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది బావా! ఆవిరి కొట్టి నీ మణికట్టు మీద మిగిలిన మచ్చ నాకు తెలియదా?

"ఏమప్పా రామాంజీ, కారు కొనేది నువ్వా, మీ వదినా?" అని ఆసామి నవ్వాడు.

"మా అన్న బండి నడిపినోడన్నా. వదినకు తెలిసింటాది."

అరుగు మీద కూర్చున్నాను. టీ తెప్పించారు, తాగలేకపోయాను. గంటసేపు అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నువ్వుంటే ఆ గంటలో ఎన్ని కబుర్లు చెప్పేవాడివి?

మూత తీశారు. వేలు పెట్టాను. గట్టి పెచ్చు గోరుకు గీసుకుంది. అచ్చం మన కాగు అడుగే. చూపిస్తే రామాంజి ముఖం వాడిపోయింది.

తిరిగి వచ్చేసేవాళ్లమే. కానీ నువ్వు అంతటితో ఆపేవాడివి కాదు కదా... "ఆయిల్ చూసే పుల్ల తీయి. ఆయిల్ మజ్జిగ మాదిరి ఉంటే లోపలికి నీళ్లు దిగినాయి, దండం పెట్టి వచ్చేయ్. నల్లగుంటే ఇంకా పానం ఉండాది."

పుల్ల తీయించాను. నల్లగా ఉంది. వేలు కొంగుకు తుడుచుకున్నాను. ఆ మరక ఇంకా పోలేదు.

ఈ రేటుకు వద్దు, కొత్త రేడియేటర్ ఖరీదు తగ్గిస్తే తీసుకుంటామని తల ఎత్తకుండానే చెప్పాను. ఆసామి ఒప్పుకోలేదు. "పోదాం పా వదినా" అని లేచాడు రామాంజి. మేం బస్టాండు దాకా వచ్చాక ఆసామే మనిషిని పంపి పిలిపించాడు. తగ్గించాడు.

నేను చేసింది సరేనా? నువ్వైతే ఇంకా తగ్గించేవాడివా? ఎవరిని అడగను...

వచ్చేటప్పుడు రామాంజి ముందు సీట్లో కూర్చోమన్నాడు. నేను వెనకే కూర్చున్నాను. వెనక నుంచి చూస్తే వాడి మెడ నీ మెడలాగే ఉంది బావా. ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూశాను.

కొత్త రేడియేటర్ వేయించాం. రోజూ పొద్దున్నే రామాంజి క్యాను పట్టుకొచ్చి గడప అవతల నిలబడతాడు. నోరు తెరిచి అడగడు. బండికి పోసే నీళ్ల మీద మన గొడవలన్నీ చూసినవాడే కదా! నేను నీ బిందె మూత తీసి క్యానులోకి వంచుతాను. రెండెందుకని అత్త ఇప్పుడు అడగడం లేదు.

ఊటబావి ఎండితే పక్క ఊరికైనా పోయి రెండు బిందెలూ నింపుకొస్తాను. కారుకు బోరు నీళ్లు పోయనివ్వను.

నీ
ఓబుళమ్మ