నాలుగో మూల

ఐసెలిన్,
మార్చి 9

ప్రియమైన విజయశ్రీకి,

ఫోన్లో అయితే జోకులేసి తప్పించుకుంటానని, ఇకమీదట కాగితం మీదే జవాబు కావాలన్నావు. సరే. జోకులు కాగితం మీద కూడా వేయగలను కానీ స్టాంపు దండగ.

మన మాయకి పాప పుట్టిందని నువ్వు జార్జియాలో ఆ కమ్మింగ్ వెళ్లి ఏడు నెలలైంది. నన్నూ ఈ తివాచీల కొట్టు మానేసి వచ్చేయమంటున్నావు. వస్తాను. మా ఓనర్ హాగోప్ గారు ఒక పాత తివాచీ చేతికిచ్చారు. అది బాగుచేయగానే బయలుదేరతాను. రెండు వారాల పని.

నూట ఇరవై ఏళ్ల కిందట కాకసస్ కొండల్లో ఎవరో ఆడమనిషి నేసింది. అదీ జార్జియా వైపేనట, నీ జార్జియా కాదులే. మధ్యలో మూడు పెద్ద నక్షత్రాలు, వాటి చుట్టూ కొక్కేలు. కొక్కేలు దిష్టి తగలకుండా అంటారు. పొట్టేలు కొమ్ములేమో బలానికి. ఓ పక్కన చిన్న దువ్వెన. అది ఊలు దగ్గరికి కొట్టే దువ్వెనని కొందరు, పెళ్లికూతురిదని కొందరు. నిజమేంటని హాగోప్ గారిని అడిగితే, "నేసినావిడ చెప్పి పోలేదు, దామూ" అన్నారు.

నాలుగో మూల జానెడు మేర పురుగు కొట్టేసింది. అదే నేయాలి. అయ్యాక ఫోటో పంపుతాను.

నీ
దామోదర్


కమ్మింగ్,
మే 14

ప్రియమైన శ్రీవారికి,

మీ రెండు వారాలు రెండు నెలలు దాటాయి. నైనిక పాకుతోంది. తాతయ్య అంటే ఫోన్లో ఉండే మనిషనుకుంటోంది. మాయ కింద గది ఖాళీ చేసి మీకు మంచం వేయించింది. దాని మీద ఇప్పుడు డైపర్ డబ్బాలు పడుకుంటున్నాయి.

మీరు పంపిన ఫోటో చూశాను. నేనూ మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్నే. మిగతా మూడు మూలల్లో అంచు తిన్నగా తిరగలేదు. ఒకచోట పువ్వు సగానికి తెగింది, ఇంకోచోట ఇరుక్కుంది. మీరు నేసిన మూల మాత్రం మంగళగిరి చీర అంచులా కొలిచినట్టుంది. ఆవిడ గీసుకుని నేయలేదండీ, గుర్తున్నది నేసుకుంటూ పోయింది. మీరు వెళ్లి ఆవిడ తప్పులు దిద్దారు.

ఇంకోటి. మూడో నక్షత్రం దగ్గర నీలం మారిపోయింది. ఊలు అయిపోయుంటుంది. మళ్లీ అదే నీలం దొరికేదాకా ఆవిడ కూర్చోలేదు. మీరు దేనికోసం కూర్చున్నారు? జోకు వద్దు.

మీ
విజయ


ఐసెలిన్,
జూన్ 2

నా విజయకి,

ఆ మూల చూసి హాగోప్ గారూ నీ మాటే అన్నారు, కాస్త మర్యాదగా. విప్పేశాను.

అయితే విప్పడం అదే మొదటిసారి కాదు. మార్చి నెలాఖరుకే మూల అయిపోయింది. ఆ తర్వాత నాకు నేనే రెండుసార్లు విప్పాను. ఒకసారి ముడి వదులుగా ఉందని, ఒకసారి ఎరుపు కలవలేదని. ముడి బాగానే ఉంది. ఎరుపూ కలిసింది.

ఇక్కడ చట్రం ముందు కూర్చుంటే నేనొక పనివాణ్ణి. అక్కడ కారు డ్రైవ్ చేయడం రాని తాతయ్యని. సోఫాలో నన్ను ఏ మూల సర్దుతారోనని భయం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఈసారి అంచు గీసుకున్న గ్రాఫ్ పేపర్ పక్కన పడేసి నేశాను. మూలకొచ్చేసరికి పువ్వుకి చోటు చాలలేదు. చాలినంతే నేశాను. హాగోప్ గారు కళ్లజోడు పెట్టుకుని నాలుగు మూలలూ తడిమి, "ఇందులో నీదేది?" అన్నారు.

అప్పుడే చెప్పేశాను, పని మానేస్తున్నానని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బాధపడుతున్నారనుకున్నాను.

"దామూ, ఈ కొట్టు మూసేద్దామని మూడేళ్లుగా చూస్తున్నా. నువ్వేమైపోతావోనని ఆగాను."

"నేనూ మీరేమైపోతారోననే ఉన్నానండీ" అన్నాను. అందులో సగం అబద్ధమని నీకు తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది. ఇద్దరం టీ తాగాం.

వచ్చే శనివారానికి ఫ్లైట్ బుక్ చేశాను. తిరుగు టికెట్ తీసుకోలేదు.

కొట్టు మూసేస్తున్నారని తెలిసి హాగోప్ గారి భార్య ఫోన్ చేసింది. నీ పేరు అడిగి, రెండుసార్లు పలికి సరిచూసుకుని, నీకు థాంక్స్ చెప్పమంది.

ఎల్లప్పుడూ నీ
దామోదర్