మొదటి వేడి

అమ్మకు నమస్కరించి రాస్తున్నాను.

నేను కులాసా. అక్కయ్య ఇంట్లో నువ్వూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు చెప్పినట్టే వేళకు తింటున్నాను. పాఠం చెప్పేటప్పుడు గొంతు మాత్రం ఇప్పటికీ పైకి లేవదు, కాన్వెంటులో సిస్టరు బోర్డు దగ్గరికి పిలిచినప్పటిలాగే. పిల్లలు నాకు "మెల్లగా మిస్" అని పేరు పెట్టారు.

నేను చెబుతున్న కెమిస్ట్రీ పాఠంలో ఉత్తేజన శక్తి అంటే ఏమిటని అడిగావు. కట్టె చుట్టూ ఎప్పుడూ గాలి ఉంటుంది. రెండూ కలిస్తే మంట, వెలుగు. అయినా కట్టెల మోపు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పాత బంధాలు కాస్త సడలితే గాని కొత్తవి పుట్టవు. ఆ సడలడానికి ముందుగా కొంత వేడి కావాలి. అదే ఉత్తేజన శక్తి.

ఇది చెబితే వెనక బెంచీ పిల్ల లేచి, "అయితే మిస్, చల్లగా ఉందంటే ఇష్టం లేదని కాదన్నమాట!" అంది. క్లాసంతా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. నువ్వు అలిగి వెళ్ళాక నాన్న నీ పేరెత్తకపోతే, అక్కర్లేదేమో అనుకున్నాను మరి.

మొన్న పక్కింటి కంపౌండరు బాబాయి వచ్చి, నాన్న మంచం పక్కనున్న నీ కుర్చీలో కూర్చోబోయారు. "అందులో వద్దు, కాలు విరిగింది" అన్నారు నాన్న. అబద్ధం. ఆ కాలు నాన్నే ఎప్పుడో అతికేశారు.

"ఏం వెల్డరూ, ఊళ్ళో గేట్లన్నీ అతికావు, ఇంటి అతుకు ఊడితే చూస్తూ కూర్చున్నావే?"

"మా ఆవిడ నా టార్చికి కరిగే రకం కాదులేవోయ్."

నవ్వబోతే నాన్నకు దగ్గు తెర కమ్మింది. బాబాయి నా వైపు చూసి తల దించుకున్నారు.

అమ్మా, ఇక దాచలేను. వెల్డింగ్ షెడ్డు మూసేశాం. నాన్న ఊపిరితిత్తులు పాడైపోయాయి. వానాకాలం చూడటం కష్టమన్నాడు డాక్టరు. "మీ అమ్మకి రాయకు. జాలిపడి రావడం వద్దు" అని నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. నీ కుర్చీలో మాత్రం నాన్న ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

తప్పెవరిదో తేల్చుకోనక్కర్లేదు. నువ్వు గుమ్మంలోకి వస్తే చాలు. "నాన్నా, అమ్మ వచ్చింది" అని నేనే చెబుతాను. ఆయనకు వినికిడి కూడా తగ్గింది. గట్టిగానే చెబుతాను.

ఇట్లు,
నీ చిన్నది