తొమ్మిది మంది చాలు

మార్చి 4

పదో మనిషిని పెట్టుకోవద్దని ఆడిటర్ చెప్పాడు. పెట్టుకుంటే నా షెడ్డు ఇక షెడ్డు కాదట, ఫ్యాక్టరీ అట. ఫ్యాక్టరీ అంటే లైసెన్సు, ఆడవాళ్ళకి వేరే బాత్‌రూమ్, రెండో గుమ్మం, జీతంతో సెలవులు, ఇన్‌స్పెక్టర్‌గారి రాకపోకలు. పన్నెండేళ్ళుగా యూనిఫాంలు కుట్టిస్తున్నాను. ఒక్క మిషన్‌తో మొదలుపెట్టి, తొమ్మిది మందికి పని చూపించేదాకా వచ్చాను. ఇక్కడితో ఆగాలట. ఎదిగితే శిక్ష వేసే ఈ చట్టం రాసినవాడు జన్మలో ఒక్క గుండీ అయినా కుట్టాడా అని అడిగాను. ఆడిటర్ నవ్వేసి ఫీజు తీసుకుని వెళ్ళాడు.

ఆర్డర్లు చూస్తే పద్దెనిమిది మందికి సరిపడా ఉన్నాయి.

మార్చి 9, మధ్యాహ్నం

దారి దొరికింది. షెడ్డు మధ్యలో ప్లైవుడ్ గోడ. అటు ఒక కంపెనీ, ఇటు ఒక కంపెనీ. అటు తొమ్మిది మంది, ఇటు తొమ్మిది మంది. ఇలాంటివి వీధికి నాలుగున్నాయని ఆడిటరే చెప్పాడు. మొదటిరోజే చెప్పొచ్చుగా మహానుభావుడు!

రెండో కంపెనీ ఎవరి పేరు మీద పెట్టాలన్నదే తలనొప్పి. మా ఆయన పేరు పెడదామంటే ఆయన ఆఫీసులో ఒప్పుకోరు. తన చెల్లెలి పేరు పెట్టమన్నాడు. సంతకం తడి ఆరకముందే మా ఆడపడుచు వచ్చి కుర్చీలో కూర్చుంటుంది, నాకు తెలీదా? చుట్టాలు వద్దే వద్దు. మా కటింగ్ మాస్టర్ పేరు పెడతాను. పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు. తలెత్తి మాట్లాడడు. జీతం పెంచమని అడగడానికి కూడా కాజాలు కుట్టే పిన్నిని రాయబారం పంపిస్తాడు.

మార్చి 11

మాస్టర్‌కి చెప్పాను. సంతకాలు ఎక్కడెక్కడ పెట్టాలని తప్ప ఇంకేం అడగలేదు. బంగారం లాంటి మనిషి.

ఏప్రిల్ 2

గోడ లేచింది. కాజా మిషన్ ఒక్కటే ఉంది, అది కాస్తా అటు పడింది. ఇక్కడ కుట్టిన షర్టు కాజాల కోసం అటు వెళ్ళాలి. గోడలో చిన్న కిటికీ కోయించాను. చేత్తో అందిస్తే సరిపోతుందనుకున్నాను. కుదరదన్నాడు ఆడిటర్. రెండు వేరువేరు కంపెనీలు కదా, సరుకు పంపినట్టు చలానా రాయాలట, అటు ఓనర్ సంతకం పెట్టాలట. నా షర్టు నా షెడ్డులో ఆరడుగులు నడవడానికి మాస్టర్ అనుమతి! కుట్టేవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఏప్రిల్ 30

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మాస్టర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ తలలు లెక్కపెట్టుకుని, మాస్టర్‌ని సార్ అని పిలిచి, కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళ కోసమంటూ ఏదో బుక్‌లెట్ చేతిలో పెట్టాడు. ఆయన వెళ్ళాక కూడా మాస్టర్ వెంటనే లేవలేదు. ఏమైందయ్యా అంటే కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడు.

ఆ బుక్‌లెట్‌ని భోజనాల టైంలో చదువుతున్నాడు. వేలు పెట్టి, ఒక్కో లైనూ కూడబలుక్కుంటూ.

మే 17

ఇంకా చదువుతూనే ఉన్నాడు.

జూన్ 6

ఒక పెద్ద ఆస్పత్రి వాళ్ళకి నాలుగు వేల జతలు కావాలట. నర్సులకి, వార్డుల్లో పనిచేసేవాళ్ళకి. నచ్చితే ఏటా ఇస్తారట. ఇది వస్తే జీవితంలో మళ్ళీ స్కూళ్ళ మెట్లు ఎక్కక్కర్లేదు, ఆ హెడ్‌మాస్టర్ల ఈసడింపులు పడక్కర్లేదు. ఈ ఆర్డర్ నాకు కావాలి. దీని కోసం ఏమైనా చేస్తాను.

పర్చేజ్ మేనేజర్ ఒక్కటే అడిగింది, ఫ్యాక్టరీ లైసెన్సు ఉందా అని. లైసెన్సు లేని షెడ్లకి ఇవ్వరట. చట్టానికి దొరక్కుండా ఉండాలని చిన్నగా ఉన్నాను. చిన్నగా ఉన్నాను కాబట్టి పనికిరాను. బాగుంది, చాలా బాగుంది.

సరే, రెండూ కలిపేస్తాను. పద్దెనిమిది మందీ ఒకే రిజిస్టర్‌లో. లైసెన్సు తీసుకుంటాను, బాత్‌రూమ్ కట్టిస్తాను, ఒకటి కాదు పది గుమ్మాలు పెట్టిస్తాను. మేనేజర్ నెలన్నర టైం ఇచ్చింది. ఇప్పుడు కావలసింది మాస్టర్ సంతకం ఒక్కటే.

జూన్ 7, పదకొండు గంటలకి

పెట్టనన్నాడు.

జూన్ 7, మూడు గంటలకి

మళ్ళీ అడిగాను. ఆ కంపెనీ మూసేస్తే తన సంగతేంటన్నాడు. నీ ఉద్యోగం నీకుంటుంది కదయ్యా అన్నాను. తనకి ఉద్యోగం ఎక్కడుందని అడిగాడు. కాగితాల ప్రకారం మూడు నెలలుగా తను ఎవరి దగ్గరా పనిచెయ్యడం లేదట. ఓనర్‌కి సెలవులుండవు, ఈఎస్ఐ ఉండదు కదా మేడం అన్నాడు. అదీ గుడ్డ మీద సుద్దతో గీత గీసినంత నెమ్మదిగా. సంతకం కావాలంటే సగం వాటా రాసివ్వాలట. పార్ట్‌నర్‌గా ఉంటాడట.

పార్ట్‌నర్! నేను చేతికిచ్చిన కత్తెరతో నా మెడ కోస్తున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఉద్యోగంలోంచి పీకేస్తున్నాను పో అని అరిచాను. పీకడానికి కుదరదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. వాడు మర్యాదగా తల దించుకున్నాడు. ఆ మర్యాద చూసి ఒళ్ళు ఇంకా మండింది.

జూన్ 9

లాయర్ దగ్గరికి వెళ్ళాను. ఆ కంపెనీ నాదేనని కోర్టులో చెప్పొచ్చట. చెప్తే చట్టం కళ్ళుగప్పడానికి షెడ్డుని రెండుగా చీల్చానని కూడా ఒప్పుకున్నట్టేనట. లైసెన్సు మాట దేవుడెరుగు, ముందు నా మీద కేసు పడుతుందట. పోనీ ఖాళీ చేయించొచ్చా అంటే, నిజం కంపెనీలా కనపడాలని అయిదేళ్ళ అద్దె ఒప్పందం రాసిచ్చింది నేనే, మిషన్లు అమ్మినట్టు బిల్లులిచ్చిందీ నేనే, వెనకాల ఖాళీ స్థలం కూడా అందులోకే చేర్చింది నేనే. అబద్ధాన్ని ఇంత శ్రద్ధగా కట్టినవాళ్ళని చూడలేదన్నాడు లాయర్. మెచ్చుకున్నాడో ఏమో మరి.

చెల్లెలి పేరు పెట్టుంటే ఈ గొడవే ఉండేది కాదుగా అన్నాడు మా ఆయన. ఆయనతో మాటలు బంద్.

జూన్ 12

కరెంట్ మీటర్ నా పేరు మీదే ఉంది. అటు లైన్ పీకించేశాను. చీకట్లో కుట్టుకోనీ సగం వాటాదారుణ్ణి. కాజాల పిన్ని కిటికీలోంచి తల పెట్టి నన్ను కడిగేసింది. అరవై ఏళ్ళ కళ్ళు తనవి, దారం ఎక్కించేదెలా, నీకు సిగ్గులేదా అని అడిగింది. లేదన్నాను.

జూన్ 20

వాడికి కొత్త మీటర్ వచ్చింది. ఎనిమిది రోజుల్లో! నా మీటర్ కోసం నేను ఏడు నెలలు చెప్పులరిగేలా తిరిగాను. కొత్త వ్యాపారులకి వేరే కౌంటర్ ఉందట, సబ్సిడీ ఉందట, లోన్ ఉందట. అన్నీ ఆ బుక్‌లెట్‌లోనే ఉన్నాయట. నాకు వినపడాలని పిన్ని గోడ పక్కన నిలబడి గొంతు పెంచి మరీ చెప్పింది.

పన్నెండేళ్ళలో నాకు ఒక్క కౌంటర్‌లోనూ ఎవడూ కుర్చీ వెయ్యలేదు.

జూలై 3

అటు పదో మనిషి చేరింది. రిజిస్టర్‌లో రాసి, సంతకం పెట్టించుకుని మరీ చేర్చుకున్నాడు. వెనకాల బాత్‌రూమ్‌కి పునాది తవ్వుతున్నారు. వాడు లైసెన్సుకి అప్లై చేశాడు.

జూలై 8

నా వాళ్ళలో ఇద్దరు అటు వెళ్ళిపోయారు.

జూలై 10

ఇంకో ముగ్గురు. ఓవర్‌లాక్ మిషన్ మీద కుట్టే అమ్మాయి వెళ్ళేముందు వచ్చి నా ఎదురుగా నిలబడింది. తనకి అయిదో నెల. అటు కాన్పుకి జీతంతో సెలవుందట. మూడేళ్ళ కిందట మొదటి కాన్పుకి నన్నడిగితే మిషన్ ఖాళీగా ఉంచలేనన్నానట. ఇరవై రోజుల పసిగుడ్డుని వాళ్ళమ్మ దగ్గర వదిలి పనికొచ్చిందట. నాకు గుర్తులేదన్నాను. గుర్తుంది. పాలు కారి ఆ పిల్ల జాకెట్ తడిసిపోతే నేనే గుడ్డముక్క ఇచ్చాను. అదే పెద్ద దయ అనుకున్నాను ఆరోజు.

జూలై 19

వాడికి లైసెన్సు వచ్చింది. ఆస్పత్రి ఆర్డర్ కూడా వాడికే వెళ్ళింది.

మాస్టర్ కిటికీ దగ్గరికి వచ్చి మేడం అని పిలిచాడు. నాలుగు వేల జతలు తన ఒక్కడి వల్ల కాదట, పార్టీలతో మాట్లాడటం తనకి రాదట. సగం సగం అన్న మాట మీదే ఉన్నాడట, ఇప్పటికైనా రమ్మన్నాడు. ఎక్కడా వెక్కిరింపు లేదు. ఒక్క క్షణం సరే అన్న మాట నోటిదాకా వచ్చింది. నాకు తెలుసు, వచ్చింది. కానీ నా షెడ్డులోకి నన్ను వాడు పిలవడమేంటి?

వడ్రంగిని పిలిచి కిటికీకి మేకులు కొట్టించాను.

ఆగస్టు 2

మిగిలిన నలుగురూ అటు వెళ్తున్నామని ఒకేసారి చెప్పారు. కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళారు. తన్ని వెళ్ళినా బాగుండేది.

ఆగస్టు 21

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అటు రెండు గంటలు ఉన్నాడు. తర్వాత ఇటు తొంగిచూసి ఎంతమంది అని అడిగాడు. నేనొక్కదాన్నే అన్నాను. రిజిస్టర్ తియ్యబోతే వద్దన్నాడు. నాకు ఏ చట్టమూ వర్తించదట. హాయిగా ఉండమన్నాడు.