ముందే రాసిన సాక్ష్యం

బెర్గెన్,
మే 21, 1991, మంగళవారం

ప్రభువునందు పెద్దలైన బోర్గిల్ మామ్మ గారికి,

మీ సునీవా వందనాలు చెప్పి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. మీ తుంటి నొప్పి తగ్గిందనీ, ఈ ఏడు మీ గొర్రెలు ఎక్కువగా కవలల్నే ఈనాయనీ అమ్మ రాసింది. చాలా సంతోషం. ప్రార్థన మందిరం పైకప్పు పని అయిపోయిందట కదా. ఇక్కడ ఎప్పటిలాగే వాన. పదిహేడున జాతీయ దినం ఊరేగింపులో తడిసి ముద్దయ్యాం. నిన్న పెంతెకొస్తు సెలవైతే కిటికీ కూడా తియ్యలేదు.

ఈపాటికి మీరు కళ్ళజోడు పైకి తోసుకుని, ఈ పిల్ల ఊరికే ఇన్ని కబుర్లు చెప్పదే అనుకుంటూ ఉంటారు. నిజమే. మూడు కాగితాలు చింపేశాక రాస్తున్న నాలుగోది ఇది. సిగ్గుతో చచ్చిపోతూ రాస్తున్నాను మామ్మా.

జనవరిలో మన మందిరంలో చెట్టు పండగనాడు, క్రిస్మస్ చెట్టు చుట్టూ అందరం చేతులు పట్టుకుని తిరుగుతూ పాడాక, నేను లేచి సాక్ష్యం చెప్పాను గుర్తుందా. డిసెంబరు పరీక్షలో చేతులు వణుకుతుంటే కళ్ళు మూసుకుని ప్రార్థించాననీ, గుండెలోకి శాంతి దిగిందనీ, ఆ తర్వాత కలం ఆగకుండా నడిచిందనీ చెప్పాను. అందరికంటే ముందు మీరే ఆమేన్ అన్నారు. ఆ సాక్ష్యం అబద్ధం. నేను ఆ పరీక్షే రాయలేదు.

ఎలా జరిగిందో చెబుతాను, తప్పించుకోవడానికి కాదు. నవంబరులోనే మీ ఉత్తరం వచ్చింది. చెట్టు పండగ కార్యక్రమం కాగితం అచ్చుకు పోవాలి, నీ సాక్ష్యం ఒకటి ఉండాలమ్మాయ్, చదువుకునే పిల్లలకి ధైర్యంగా ఉంటుంది అని రాశారు. మన మందిరంలో చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కదా, అడిగింది చేతికి రాకముందే వచ్చిందని నమ్మి స్తోత్రం చెప్పాలని. దాన్ని పట్టుకుని, పరీక్ష ముందు రోజే కూర్చుని, అంతా జరిగిపోయినట్టు రాసి మీకు పోస్టు చేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు మాత్రం పెట్టేశాను. అప్పుడది అబద్ధమనిపించలేదు. విశ్వాసం అంటే అదే అనుకున్నాను.

మర్నాడు తొమ్మిదికి హాల్లో కూర్చున్నాను. న్యాయశాస్త్రం పేపరు కదా, ఇల్లు కొన్నాక పైకప్పు కారితే బాధ్యత ఎవరిది అని ప్రశ్న. మన ఊళ్ళో ఎవర్ని అడిగినా నోటికి చెప్పేస్తారు. నాలుగుసార్లు చదివాను. అక్షరాలు కనబడుతున్నాయి, మాటలు కావడం లేదు. ప్రార్థించాను మామ్మా, ఆ ఒక్కటీ నిజం. శాంతి రాలేదు. చెమట పట్టింది, ఊపిరి అందలేదు. హాలుకు కాపలా ఉన్న ముసలాయన వంగి, ఒంట్లో బాగాలేదా తల్లీ, నీళ్ళు తాగుతావా అని గుసగుసగా అడిగాడు. మొదటి గంట దాటేదాకా ఎవరినీ వదలరు. పది కొట్టగానే తెల్లకాగితం ఇచ్చేసి బయటికొచ్చాను.

ఊరు వదిలి చదువుకు వెళ్ళిన ప్రతి పిల్ల కోసం, పరీక్ష జరిగినంతసేపూ మీరు వంటింటి కిటికీ దగ్గర అల్లిక పట్టుకుని ప్రార్థిస్తారనీ, అంతసేపూ కాఫీ ముట్టరనీ నాకు తెలుసు. కాఫీ లేకపోతే మీ తల పగిలిపోతుందనీ తెలుసు. తెలిసి తెలిసీ నేను చేపల బజారు పక్కన కాఫీ దుకాణంలో దూరి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఒకటి కాదు, మూడు కప్పులు తాగాను. దాల్చినచెక్క రొట్టె కూడా తిన్నాను. వారం తిరక్కుండా ఆ రోజు మీరు అల్లిన చేతితొడుగులు పోస్టులో వచ్చాయి. ఈ చలికాలమంతా చేతులు జేబుల్లో పెట్టుకునే తిరిగాను తప్ప వాటిని వేసుకోలేకపోయాను.

జనవరిలోనైనా నోరు విప్పాల్సింది. కానీ అచ్చు కాగితంలో పాల అన్నం తర్వాత, లాటరీకి ముందు, నా పేరు ఉంది. లేచి, ముందే రాసుకున్నది చదివేశాను. తర్వాత మీరంతా వచ్చి చేతులు పట్టుకుని అభినందిస్తుంటే తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

ఫిబ్రవరికి నిద్ర పూర్తిగా పోయింది. ఒక సాయంత్రం ఇక్కడి విద్యార్థుల పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చర్చి కింద గదిలో కప్పులు కడుగుతున్నారు. నా మొహం చూసి ఏమీ అడక్కుండా తుడిచే గుడ్డ చేతికిచ్చారు. కప్పులు తుడుస్తూ తుడుస్తూ మొత్తం కక్కేశాను. ఆయన తిట్టలేదు. దేవుడి దగ్గరికి అరువు ధైర్యం వేసుకుని వెళ్ళడం దేనికమ్మా, నీ దగ్గరున్నది భయమేగా, దాన్నే తీసుకెళ్ళు, ఆయన పుచ్చుకుంటాడు అన్నారు. నా తలమీద చెయ్యి పెట్టి నీ పాపం క్షమించబడింది అన్నారు. ఆ రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను. సాక్ష్యం చెప్పదగ్గది నాకు జరిగిందంటే అదొక్కటే, అదీ తడి గుడ్డ చేతిలో పట్టుకుని ఉండగా. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఎవరికి అబద్ధం చెప్పావో వాళ్ళ దగ్గరికి వెళ్ళి దిద్దుకో అన్నారు. సరేనన్నాను. మూడు నెలలు గడిచాయి. క్షమాపణ మాత్రం తెచ్చుకుని, దిద్దుకోవడం అటకెక్కించాను.

ఈలోగా, చదువుకొచ్చి మా పై అంతస్తులో దిగిన మీ మనవరాలు మారెన్ నా గది తలుపు తట్టింది. మీరే పంపారట, సునీవాని అడుగు, ఎలా ప్రార్థించాలో చెబుతుంది అని. పాపం నోటుపుస్తకం కూడా తెచ్చుకుంది. అక్కా, ఆ రోజు ఏ మాటలతో ప్రార్థించావో అవే చెప్పు, ఒక్క ముక్క కూడా వదలకు అంది. నేను అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. తను రాసుకుంది. కాస్త మెల్లగా చెప్పక్కా అని కూడా అంది.

మొన్న పదిహేడున మీరు కుట్టిచ్చిన మన ఊరి దుస్తుల్లో వచ్చింది. నడుము దగ్గర వదులైపోయి రెండు పిన్నీసులు పెట్టుకుంది. తింటున్నావా అసలు అని అడిగాను. రోజుకి పదిసార్లు చదువుతున్నా అక్కా ఆ ప్రార్థన, నీకు దిగిన శాంతి నాకు దిగట్లేదు, దేవుడికి నేనక్కర్లేదేమో అంది. డాక్టరు దగ్గరికి గానీ పాస్టరు గారి దగ్గరికి గానీ పోదాం రమ్మంటే, నీకు అక్కర్లేకపోయింది కదా, నేను వెళ్తే నాకు విశ్వాసం లేనట్టేగా అని ఎదురడిగింది. శుక్రవారం తన మొదటి పరీక్ష. నా అబద్ధం ఆ పిల్ల తిండీ నిద్రా తినేస్తోంది మామ్మా.

అందుకని నిన్ననే తనకి మొత్తం చెప్పేశాను. విని, పోనీలే అక్కా అని నవ్వి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఇప్పుడు కుదురుగా ఉంది, తింటోంది. మీరు దిగులు పెట్టుకోకండి.

ఒక్కటే అడుగుతున్నాను. ఆదివారం మందిరంలో కాఫీల దగ్గర ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించండి. ఆ పరీక్ష జూన్‌లో మళ్ళీ రాస్తున్నాను. ఏమవుతుందో తెలియదు, ఈసారి ముందుగా స్తోత్రం చెప్పను. నన్ను చూసి ఆమేన్ అన్నవాళ్ళందరినీ క్షమించమంటున్నాను, అందరికంటే ముందు మిమ్మల్ని.

మీ ముందు తలెత్తుకోలేని,
సునీవా

తా.క. కవరు అంటించబోయి ఆగాను. మారెన్‌కి నిన్ననే చెప్పానని పైన రాశాను. చెప్పలేదు. ఉత్తరం మీకు చేరేలోపు ఎలాగూ చెప్పేస్తాను కదా అని రాసేశాను. డిసెంబరులో చేసిందే మళ్ళీ, అదే చేత్తో. ఆ నవ్వు, మెడ చుట్టూ చేతులు, అన్నీ నేను పుట్టించినవే. కొట్టెయ్యకుండా అలాగే వదిలాను, మీరు చూడాలని.

కవరు బల్లమీద వదిలేసి పై అంతస్తులో మారెన్ గదికి వెళ్ళి ఇప్పుడు చెప్పి వచ్చాను. తను నవ్వలేదు. నోటుపుస్తకం నా మీదికి విసిరి, సిగ్గులేదా నీకు అంది. ఉంది, ఆరు నెలలుగా అదొక్కటే ఉంది అన్నాను. గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత అటే తిరిగి ఉండి, అయితే నీకూ ఊపిరి అందలేదా అని అడిగింది. అందలేదు అన్నాను. నాక్కూడా అక్కా అంది. ఇటు తిరిగి, తినడానికి ఏమైనా ఉందా అంది. రొట్టెమీద మేకపాల జున్ను వేసిస్తే రెండు ముక్కలు తింది. ఇద్దరం మోకరించి, ప్రభువా మాకు భయంగా ఉంది అని మాత్రం చెప్పుకున్నాం. లేచేసరికి ఇద్దరికీ కొంచెం తేలికైంది. కొంచెమే. రేపు పదింటికి పాస్టరు గారి దగ్గరికి కలిసి వెళ్తున్నాం, అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికి. నిన్ను క్షమించానని మామ్మకి రాసేవు జాగ్రత్త, ఇంకా క్షమించలేదు అని గట్టిగా చెప్పింది, కాబట్టి రాయడం లేదు.

శుక్రవారం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మీరు కిటికీ దగ్గర కూర్చుంటారని తెలుసు. తను పది కొట్టగానే బయటికొచ్చినా సరే, నేను హాలు తలుపు దగ్గరే ఉంటాను, మీ చేతితొడుగులు వేసుకుని. ఆ రోజు మీరు కాఫీ తాగండి మామ్మా. నేను మానేస్తాను.